వదులు మూత

వడ్రంగి తన పెళ్ళానికి శవపెట్టె మొదలుపెట్టాడట. ఆమె ఇంకా ఊపిరి తీస్తుండగానే, కుర్చీలో కూర్చుని ముద్ద మింగుతుండగానే మొదలుపెట్టాడట. ఈ మాట అన్నది రంగుల కొట్టువాడి భార్య. ఆమె నోటినుంచి విన్నది ఇస్త్రీ ఆవిడ. విని కడుపులో దాచుకునే మనిషి కాదు కాబట్టి, మడతపెట్టిన దుప్పట్లు ఇంటింటికీ ఇస్తూ, వాటితోపాటు ఈ మాట కూడా వేడి తగ్గకుండా అందించుకుంటూ వచ్చింది.

"ఇత్తడి స్క్రూలు కొన్నాడటమ్మా, పొడుగాటివి. వార్నీషు డబ్బా కూడా కొన్నాడట. ఈ జ్వరాలకి పోయేవాళ్ళందరికీ సరుకు పెట్టెల చెక్కతో సరిపెడుతున్న మనిషికి ఇత్తడి ఎందుకు, మెరుపెందుకు? నేనేం అనడం లేదు. వాళ్ళన్నది చెప్తున్నా."

వీధి చివరి ఇంటి గుమ్మంలో నిలబడి ఈ మాట విన్నది ఆ వడ్రంగికి వదిన. అంటే జబ్బుపడిన మనిషికి తోడబుట్టిన అక్క. చెల్లెలి సంగతి తెలిసి, తన వంటిల్లు కోడలికి అప్పగించి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. దుప్పట్లు లాక్కుని చంకలో పెట్టుకుంది.

"నీ ఇస్త్రీ పెట్టె సంగతి నువ్వు చూసుకో. మా ఇంటి పెట్టెల సంగతి మేం చూసుకుంటాం."

"అయ్యో, నామీద ఎందుకమ్మా కోపం? మీ చెల్లెలి చెవిన పడకూడదనే కదా నీకు చెప్తున్నా," అంది ఇస్త్రీ ఆవిడ, వీధి మలుపు దాకా వినబడే గొంతుతో.

అక్క ఆమెను పంపించేసింది కానీ ఆ మాటను మాత్రం పంపలేకపోయింది. ఎందుకంటే తను కూడా చూస్తూనే ఉంది. మరిది ఈమధ్య కూర్చోవడం మానేశాడు. తిండి కూడా పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడే తింటున్నాడు. కిటికీ గడియ బాగానే ఉన్నా విప్పి మళ్ళీ బిగిస్తాడు. బాల్చీ పిడి సరిచేస్తాడు. కాలు కాలిన పిల్లిలా ఇంట్లోంచి కార్ఖానాలోకి, కార్ఖానాలోంచి ఇంట్లోకి తిరుగుతాడు. భార్య దగ్గరికి వస్తాడు, వీపు వెనక దిండు సర్దుతాడు, మందుసీసా మూత బిగిస్తాడు. "ఒక్క నిమిషం కూర్చోవయ్యా," అని ఆమె అంటే, "జిగురు ఆరిపోతుందే," అంటూ వెళ్ళిపోతాడు.

ఆమెకు గుండెలో కవాటం ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదన్నారు డాక్టర్లు. కోసి బాగుచెయ్యాలన్నారు. మొదటిసారి విన్నప్పుడు అతను, "తలుపు సరిగ్గా పడకపోతే నాకు చెప్పొచ్చు కదా, చిత్రిక పట్టేవాణ్ణి," అని నవ్వించాడు కూడా. ఆసుపత్రివాళ్ళు తేదీ ఇచ్చారు. ఇంతలో జ్వరాలు వచ్చాయి. మంచాలు ఖాళీ లేవని తేదీ జరిపారు. మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ జరిపారు. ఆ జరపడాలతోపాటే అతని నవ్వు కూడా ఎక్కడికో జరిగిపోయింది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి ఆమె పగలూ రాత్రీ కుర్చీలోనే. ఆ కుర్చీ వెనకున్నది చెక్కల గోడ. గోడకు అవతల కార్ఖానా.

అన్నేళ్ళు ఆ గోడకు ఆనుకుని కాపురం చేసిన మనిషికి, అవతల ఏం జరుగుతోందో చూడాల్సిన పని లేదు. సరుకు పెట్టెల చెక్కమీద చిత్రిక గరగరలాడుతూ పోతుంది, మధ్యలో ముడి తగిలితే ఎక్కిళ్ళు పెడుతుంది. టేకు మీద అయితే పట్టుగుడ్డ చింపినట్టు పోతుంది. ఇప్పుడు వినబడుతున్నది ఆ రెండోది. అందులోనూ సుత్తి చప్పుడు అస్సలు లేదు.

"ఏం చేస్తున్నాడే అక్కా ఆయన?"

"చర్చికి బెంచీ అట."

"బెంచీనా? ఆయన చేసిన బెంచీలమీద కూర్చుని లేస్తే వెనకాల చీలికలు ఏరుకోవాలి. బెంచీని ఇంత నునుపు చేసే ఓపిక ఆయనకెప్పుడొచ్చింది?"

అక్క దుప్పట్లు మడతపెట్టసాగింది. అవి అప్పటికే మడతపెట్టి ఉన్నాయి.

*

ఆ వడ్రంగిని ఊళ్ళో వదులు మేస్త్రి అంటారు. పనిలో వదులని కాదు. ఆ పేరు అతని తండ్రినుంచి వచ్చింది. ఆ పెద్దాయన తలుపులూ బల్లలూ చేసేవాడు, చర్చివాళ్ళు ఎవరైనా పోతే పెట్టె చేసేవాడు. అన్ని పనుల్లోనూ గట్టివాడే. పెట్టె మూత దగ్గరికొచ్చేసరికి మాత్రం మేకుల మొనలు దిగీ దిగకుండా కొట్టి వదిలేసేవాడు.

"మోసేటప్పుడు ఊడకూడదు, అంతేరా," అని కొడుక్కి నేర్పాడు. "ఆఖరి రోజున చనిపోయినవాళ్ళని లేవమని పిలుపొచ్చినప్పుడు లోపలున్నవాడు భుజంతో ఒక్క తోపు తోస్తే తెరుచుకోవాలి. దేవుడికి సుత్తిపని పెట్టకూడదు."

అప్పట్లో ఎవరో నవ్వారట. "సమాధి రాయినే దొర్లించినవాడికి నీ మేకులొక లెక్కా మేస్త్రీ?" అని.

"ఆయనకి లెక్క కాదు, నాకు లెక్క," అన్నాడట పెద్దాయన. "మేం ఎదురుచూస్తున్నామని ఆయనకి తెలియొద్దూ?"

కొడుకూ అదే పద్ధతి పట్టుకున్నాడు. తండ్రి పోయినప్పుడు ఆయన మూతకూ అలాగే కొట్టాడు. సమాధి దగ్గర పాట ఎత్తుకునేది అతని భార్య. రెండో గొంతు, అడుగున మోగే గొంతు, అతనిది. పెట్టె అతనిది, పాట ఆమెది, మధ్యలో వాక్యం చెప్పడమే పాస్టరుగారి పని అని చర్చివాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. ఎవరింటికైనా బీరువా కొలతకి వెళ్తే, "ముందు ఆ టేపు జేబులో పెట్టు మేస్త్రీ, నావైపు చూపించకు," అని ఇంటివాళ్ళు జోకులేసేవాళ్ళు. అతనూ, "మీ బీరువాకే అండీ, మీకు ఇంకా టైముంది," అనేవాడు. చావుతో అంత చనువుగా బతికిన ఇల్లు అది.

*

అక్క కార్ఖానాలోకి వెళ్ళేసరికి వడ్రంగి ఉప్పుకాగితంతో ఏదో రుద్దుతున్నాడు. ఆమెను చూసి గబుక్కున గోనెగుడ్డ కప్పేశాడు. ఇంకోపక్క జ్వరాల పెట్టెలు గోడకు చేరేసి ఉన్నాయి. తెల్లటి చవక చెక్క, పక్కన ఇంకా ఏ సరుకు పేరో చెరిగీ చెరగని నల్ల అక్షరాలు.

"ఏం బెంచీ బాబూ అది? ఒకసారి కూర్చుని చూడనా?"

"రంగు ఆరలేదు వదినా."

"ఆరకపోతే నా బట్టలు పాడవుతాయి, నీకేం? ఇస్త్రీ ఆవిడ కూడా బతకాలి కదా."

అక్క గోనెగుడ్డ అంచు పట్టుకుంది. అతనూ ఇటువైపు అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా కాసేపు లాక్కున్నారు. చివరికి అక్కే వదిలేసింది.

"నీకు చేతులెలా వచ్చాయయ్యా?" అంది, గొంతు తగ్గించి. "అది అవతల ఊపిరి కోసం తన్నుకుంటుంటే, నువ్విక్కడ దానికి..."

"చూశావు కదా వదినా ఆ చెక్కని," అన్నాడు, గోడకు చేరేసిన పెట్టెలవైపు చెయ్యి చూపించి. "చెమ్మ తగిల్తే వారానికి చీలిపోతుంది. జనం వస్తున్నారు, పొద్దున చెప్తారు, మధ్యాహ్నానికి కావాలంటారు. ఏది దొరికితే దాంతో కొట్టి ఇచ్చేస్తున్నా. రేపు దానికి కూడా అలాగే హడావిడిగా... నావల్ల కాదు. దాని మీద మట్టి పడనివ్వను. నీళ్ళు దిగనివ్వను."

"అది పోతుందని నీకెవరు చెప్పారు?"

"బతుకుతుందని నీకెవరు చెప్పారు?"

అక్క వెనక్కి తిరిగింది. గుమ్మం దగ్గర ఆగి, "దానికి వినబడుతోంది బాబూ," అంది. "నువ్వు రుద్దే ప్రతి రుద్దూ దాని వీపు వెనకే వినబడుతోంది."

*

ఆ సాయంత్రం పాస్టరుగారు వచ్చారు. కుర్రవాడే, కానీ ఈ జ్వరాల్లో కళ్ళకింద నలుపు దిగి, బూట్లకి స్మశానం మట్టి ఆరిపోయి ఉంది. కుర్చీలోని మనిషి లేవబోయింది.

"వందనాలయ్యగారూ. కూర్చోండి. మీరే నాకంటే జబ్బుగా ఉన్నారు."

ఆయన కూర్చుని బైబిలు తెరిచారు. ధైర్యం చెప్పే మాట కోసం వెతికారు. పేజీలు అటూ ఇటూ తిప్పి, చివరికి వేలు మధ్యలో పెట్టి మూసేశారు.

"అమ్మా, నేనొక మాట చెప్తాను, ఎవరితోనూ అనకండి. పొద్దున ఒక సమాధి, మధ్యాహ్నం ఇంకోటి. ప్రతిచోటా 'లేస్తారు, మళ్ళీ చూస్తారు' అని చెప్తున్నాను. నా నోరు చెప్తోంది. నా చెవులకే వినబడటం లేదు."

అక్క గాభరాపడింది. ధైర్యం చెప్పడానికి వచ్చినాయన ఇలా కూలబడితే ఈ ఇంటికి దిక్కేది అనుకుంది. చెల్లెలు మాత్రం నవ్వింది. నవ్వుకి దగ్గు వచ్చింది, దగ్గు ఆగడానికి కాసేపు పట్టింది.

"దానికేనండీ పాట అందరూ కలిసి పాడేది," అంది. "ఒకళ్ళకి గొంతు పెగలకపోతే పక్కవాళ్ళు పాడతారు. ఆ రోజుకి ఎవరి గొంతు బాగుంటే వాళ్ళు మొయ్యాలి. అన్ని రోజులూ అన్నీ మీరే మోస్తానంటే ఎలా? ఇవాళ మీరు వినండి, నేను పాడతా."

సమాధి దగ్గర పాడే పాటే ఎత్తుకుంది. సగం పాదానికే ఊపిరి తెగింది. అక్కకి స్వరం అంటే ఏమిటో తెలియదు, చిన్నప్పుడు చర్చిలో ఆమె నోరు నొక్కి కూర్చోబెట్టేవాళ్ళు. అయినా ఆ తెగినచోట అందుకుని, పాటను రోడ్డుమీద ట్రంకుపెట్టె ఈడ్చినట్టు ఈడ్చుకుపోయింది. పాస్టరుగారు మొదట తలవంచుకుని విన్నారు. రెండో పాదానికి కలిశారు. ఆ కుర్చీలో మనిషి ఊపిరి అందినప్పుడల్లా ఒక మాట కలుపుతూ, అందనప్పుడు వేళ్ళతో తాళం వేస్తూ, చెవి మాత్రం వెనకున్న చెక్కల గోడవైపే పెట్టింది. అడుగున మోగే రెండో గొంతు అక్కణ్ణుంచి రావాలి.

రాలేదు. ఉప్పుకాగితం చప్పుడు ఆగిపోయింది, అంతే.

పాట అయ్యాక పాస్టరుగారి ముఖం కొంచెం తేరుకుంది. "మీ కోసం ఏమని ప్రార్థన చెయ్యమంటారమ్మా?"

"నేను బతకాలని అందరూ చేస్తున్నారు, సంతోషం. నాక్కూడా బతకాలనే ఉంది, పైకి పోవాలని తొందరేం లేదు. మీరు మా ఆయన కోసం చెయ్యండి." గోడవైపు తిరిగి, వినబడేలా అంది. "నన్ను ఆ ఆపరేషను గదిలోకి తోసుకెళ్ళినప్పుడు తలుపు బయట నా మొగుడు కూర్చోవాలి. పెళ్ళాం ఎప్పుడో చచ్చిపోయినవాడు కాదు. నాకోసం ఎదురుచూసేవాడు ఒకడు బయట ఉన్నాడంటే, నేను లోపల ఎంతసేపైనా ఉంటా. అదొక్కటే నాకు కావాలి."

పాస్టరుగారు ప్రార్థన చేశారు. మధ్యలో కార్ఖానా తలుపు తెరుచుకుంది. వడ్రంగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమెన్ అనేదాకా నిలబడ్డాడు. అయ్యగారు కళ్ళు తెరిచి, "మేస్త్రిగారూ, రండి, కాసేపు కూర్చోండి," అనగానే, అతను కుర్చీ కాలు వంకరగా ఉందన్నట్టు వంగి చూసి, ఉలి తెస్తానని వెళ్ళిపోయాడు. తిరిగి రాలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రినుంచి ఫోను. మంచం ఖాళీ అయింది, రేపు పొద్దున్నే వచ్చి చేరమన్నారు. ఆ మంచం ఎలా ఖాళీ అయిందో ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రమంతా వడ్రంగి సంచీ సర్దాడు. సర్దింది తీశాడు, తీసింది సర్దాడు. సంచీ జిప్పుకి మైనం రాశాడు. చెప్పులు తుడిచాడు. భార్య రెండుసార్లు పిలిచింది. రెండుసార్లూ, "వస్తున్నా," అన్నాడు.

తెల్లారింది. పాస్టరుగారు చర్చిలో ఎవరిదో కారు అడిగి తెచ్చారు. ఆసుపత్రిలో కట్టుకోవడానికని ఇస్త్రీకిచ్చిన బట్టలు ఇస్త్రీ ఆవిడ తెచ్చింది. చేతిలో పెట్టేసి పోవచ్చు, కానీ గుమ్మంలోనే నిలబడింది. చూడాలనీ ఉంది, సిగ్గుగానూ ఉంది.

"పద," అన్నాడు వడ్రంగి, భార్య భుజం కింద చెయ్యి వేసి. "కారు వీధిలోనే ఉంది."

"ఇటు కాదు. అటునుంచి పోదాం," అంది ఆమె. కార్ఖానా తలుపువైపు చూపించింది.

"అక్కడంతా పొట్టే. నీకు దగ్గొస్తుంది."

"ఎప్పుడూ వచ్చేదే."

"చెక్కలు అడ్డంగా ఉన్నాయే."

"దాటుకుని వస్తా. పట్టుకో."

అతను కదల్లేదు. ఆమె అతని చెయ్యి వదిలించుకుని అక్క భుజం పట్టుకుంది. అడుగుకో ఊపిరి తీసుకుంటూ గడప దాటింది. మిగతావాళ్ళు ఏంచెయ్యాలో తెలియక వెనకాలే వచ్చారు. ఆమె నేరుగా గోనెగుడ్డ దగ్గరికి వెళ్ళి లాగింది. ఈసారి రెండో అంచు పట్టుకోవడానికి ఎవరూ రాలేదు.

ఇస్త్రీ ఆవిడ నోరు నొక్కుకుంది. తను ఊరంతా మోసిన మాట ఎదురుగా నిలబడితే ఇలా ఉంటుందని అనుకోలేదు.

నిజానికి అది అందమైన పని. మూలలు ఒకదాన్నొకటి కరుచుకునేలా కోసి కలిపాడు. ఎక్కడ అతుకుందో కన్ను పట్టదు. టేకు చారలు తేనెరంగులో మెరుస్తున్నాయి. మూత చుట్టూ, మధ్యలో వేలు కూడా పట్టనంత దగ్గర దగ్గరగా, ఇత్తడి స్క్రూలు.

ఆమె మూతమీద చెయ్యి పెట్టి కొసనుంచి కొసదాకా నిమిరింది.

"నా పెళ్ళికి చేసిచ్చిన బీరువాకి ఇందులో సగం నునుపు కూడా లేదు," అంది. "దాని తలుపు ఇప్పటికీ కిర్రుమంటుంది."

వడ్రంగి గోడకు ఆనుకున్నాడు. "నువ్వు చూడకూడదనుకున్నా."

"గోడకి అవతలే కూర్చుని వింటుంటే చూసేదేముంది? పొడుగు సరిపోయిందా?"

"నువ్వు నిద్రపోతున్నప్పుడు..." అని ఆగిపోయాడు. తండ్రి నేర్పిన పనిలో బతికున్న మనిషికి పెట్టె కొలత తియ్యడం అన్నది లేదు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు అది.

"నేను నిద్రపోలేదు," అంది ఆమె. "గిలిగింతలు పెట్టావు కూడా. పాదాల దగ్గర."

పాస్టరుగారు ఏదో చెప్పబోయారు. అక్క ఆయన చొక్కా వెనకనుంచి పట్టి లాగింది.

"నేను కోరుకుని చెయ్యలేదే," అన్నాడు వడ్రంగి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పంచకు తుడుచుకుంటున్నాడు. "చేతిలో పని లేకపోతే పిచ్చెక్కిపోతోంది. నిన్ను చూస్తూ కూర్చోలేను. నీ ఊపిరి విన్నప్పుడల్లా ఇదే ఆఖరిదేమో అనిపిస్తుంది. నాకు నమ్మకం లేక కాదు. అందరికీ చెప్తాను, అందరి దగ్గరా పాడతాను. నీ దగ్గరికి వచ్చేసరికి నాకు... నిన్ను ఏదీ తాకకూడదు. మట్టీ తాకకూడదు, చెమ్మా తాకకూడదు. గట్టిగా ఉండాలనే బిగించా. తప్పా అది?"

కారు డ్రైవరు బయట హారను మోగించాడు. ఎవరూ కదల్లేదు. ఆమె ఒక స్క్రూ తల మీద వేలు పెట్టింది. తర్వాత దాని పక్కదాని మీద. ఆ పక్కదాని మీద. ఊపిరి చాలక మూతమీదే చెయ్యి ఆనించి నిలబడింది. గోడకు చేరేసిన చవక పెట్టెలవైపు చూసింది. వాటి మూతలు ఎప్పటిలాగే పైపైన ఆనించి ఉన్నాయి, వాటి మేకులు పక్కన డబ్బాలో, పొట్టివి. ఎంత హడావిడిలోనూ అతను ఆ పద్ధతి తప్పలేదు. ముక్కూ ముఖం తెలియనివాళ్ళకి కూడా తప్పలేదు.

"అయితే ఊళ్ళోవాళ్ళందరికీ మూత వదులుగా పెట్టి నాకొక్కదానికే ఇన్ని బిగించావన్నమాట," అంది. "ఆ రోజున అందరూ భుజంతో ఒక్క తోపు తోసి బయటికొచ్చి నడిచిపోతుంటే, నేనొక్కదాన్నే లోపల పడుకుని స్క్రూడ్రైవరు తెమ్మని నీకోసం కేకలెయ్యాలా?"